వేషం, జట్టు, వాకిలి: ఆన్‌లైన్ పాత్రధారణ క్రీడాసమాజాల క్షీణత – చిత్తూరు సీమ వేషసంప్రదాయాల వెలుగులో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాత్రధారణ ప్రధానమైన ఆన్‌లైన్ క్రీడాసమాజాలు కొన్నేళ్ళు కళకళలాడి, క్రమంగా పలుచబడి, చివరకు కొద్దిమంది పాతవారి కూటమిగా మిగలడం గత నాలుగు దశాబ్దాలుగా పదేపదే కనిపిస్తున్న పరిణామం. దీనికి ముఠాలే కారణమని వెళ్ళిపోయినవారు అంటారు. ఆటను నిలబెట్టింది తామేనని మిగిలినవారు అంటారు. ఈ రెండు వాదాలను నగరి, పుత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోని రెండు వేషసంప్రదాయాల పక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి ధర్మరాజు ఆలయాల భారతోత్సవం, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. పెద్దవేషాలు కొద్దిమంది చేతిలో ఉన్నంత మాత్రాన సమాజం క్షీణించదనీ, కొత్తవారు కట్టదగిన చిన్నవేషం, దాన్ని గుర్తించే పెద్దలు కరవైనప్పుడే క్షీణత మొదలవుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వేషం, ఆట, జట్టు, మిరాసీ, భారతోత్సవం, గంగమ్మ జాతర, మడ్, లాంబ్డామూ, గిల్డ్.

1. ప్రవేశిక

చిత్తూరు జిల్లా నగరి తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం. మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు, తమిళం రెండూ వినిపించే ఊరు. పొరుగునున్న తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణతో అది మద్రాసు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రాల మధ్య గీత జరిగినా, ఎండకాలం వస్తే గీతకు రెండువైపులా ద్రౌపదీ సమేత ధర్మరాజు ఆలయాల్లో భారతం జరగడం ఆగలేదు. అటువైపు దానిని తెరుక్కూత్తు అన్నా, ఇటువైపు వీధినాటకం అన్నా, ఊరు ఊరంతా కొన్నాళ్ళపాటు కురుక్షేత్రంలోకి ప్రవేశిస్తుంది.

ఇదే ప్రాంతపు యువకుడు చేతిలోని ఫోనులోనో, ఇంటిలోని కంప్యూటరులోనో మరో పేరు, మరో రూపం ధరించి, ముఖమెరుగని సహచరులతో కలిసి రాక్షససంహారానికి బయలుదేరుతాడు. మొదటిదాన్ని జానపద కళగానూ, రెండవదాన్ని వ్యసనంగానూ చూడటం పరిశోధకులకు అలవాటైంది. ఒకటి జానపద విజ్ఞాన శాఖలో, మరొకటి మనోవైద్యుల పత్రాల్లో చర్చకు వస్తుంది. మనిషి తాను కాని మరొకరిగా, పదిమంది ఎదుట, నియమబద్ధంగా ప్రవర్తించడం రెండింటికీ సమానమైన లక్షణం. ఈ సామ్యాన్ని అంగీకరిస్తే, ఆన్‌లైన్ సమాజాల గురించి తరచుగా వినిపించే రెండు ఫిర్యాదులు కొత్త వెలుగులో కనిపిస్తాయి. ‘ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు’ అన్నది ఒకటి. ‘ఆడేవాళ్ళు మమ్మల్ని కలుపుకోరు’ అన్నది మరొకటి.

2. ‘ఆట’ అనే మాట

తెలుగులో క్రీడనూ ప్రదర్శననూ ఒకే ధాతువు చెబుతుంది. పిల్లలు గోళీలు ఆడతారు, మేళంవారు భారతం ఆడతారు. తోలుబొమ్మలాటలో ‘ఆట’ ప్రదర్శన, దొంగాటలో ‘ఆట’ క్రీడ. ఆంగ్లంలోని ‘ప్లే’ కూడా ఈ రెండర్థాలనూ మోస్తుంది గనుక ఇది తెలుగుకే ప్రత్యేకమని చెప్పలేం. అయితే ‘వేషం’ విషయంలో తెలుగు వ్యవహారం ఒక అడుగు ముందుకు వేసింది. ‘వేషం కట్టాడు’ అంటే గౌరవం, ‘వేషాలు వేస్తున్నాడు’ అంటే మందలింపు. ఏకవచనం నుంచి బహువచనానికి మారేసరికి పాత్రధారణ కపటమైపోతుంది. ఒక వేషానికి కట్టుబడినవాడిని సమాజం నమ్ముతుంది, క్షణానికొకటి మార్చేవాడిని నమ్మదు. ఆన్‌లైన్ క్రీడల్లో ఏళ్ళతరబడి ఒకే పాత్రను పెంచినవారికి దక్కే మన్ననకు, నిన్న చేరినవారిపై ఉండే అనుమానానికి మూలం ఇదే.

‘జట్టు’, ‘ముఠా’ అనే మాటలనూ వేరుచేసి చూడాలి. రాయలసీమలో ముఠా అనగానే కక్షల చరిత్ర గుర్తుకు రావడం సహజం. ఇక్కడ ఆ అర్థం ఉద్దేశితం కాదు. కలిసి ఆడేందుకు ఏర్పడినది జట్టు. తమలో తామే ఆడుకుంటూ ఇతరులకు చోటివ్వనిది ముఠా. ఒకే పదిమంది నిన్న జట్టుగా, నేడు ముఠాగా కనిపించవచ్చు. చూసేవాడు లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది.

3. భారతోత్సవం: ఎవరి వేషం ఎవరిది?

ధర్మరాజు ఆలయాల ఉత్సవం సాధారణంగా పద్ధెనిమిది రోజులు. కొన్నిచోట్ల ఇంకా తక్కువ. మధ్యాహ్నం హరికథకుడు భారతకథ చెబుతాడు, రాత్రి మేళంవారు ఆ ఘట్టాన్నే వీధినాటకంగా ఆడతారు. కొన్ని ఘట్టాలు మాత్రం పందిరిలో ఇమడవు. బకాసురవధ నాడు అన్నపు బండి ఊరి వీధుల్లో తిరుగుతుంది. అర్జునుడి తపస్సు నాడు వేషధారి ఎత్తైన తపస్సుమాను ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు కింద తడిబట్టలతో సాగిలపడి ఉంటారు, పైనుంచి అతడు విసిరే నిమ్మకాయలు, విభూతి వారికి ప్రసాదం. చివరిరోజు ఉదయం మైదానంలో పడుకోబెట్టిన బ్రహ్మాండమైన మట్టి దుర్యోధనుడి చుట్టూ భీమ దుర్యోధన వేషధారులు తలపడతారు, ద్రౌపది కురులు ముడుస్తుంది. సాయంత్రం కంకణధారులు అగ్నిగుండం తొక్కుతారు. తమిళ ప్రాంతంలోని ద్రౌపదీ ఆరాధనపై ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988, 1991 సంవత్సరాల్లో వెలువరించిన రెండు సంపుటాలు ఈ క్రతునాటక సంబంధాన్ని విపులంగా చర్చించాయి.

ఈ ఉత్సవంలో పాత్రలు మూడు వలయాలుగా ఉన్నాయి. లోపలి వలయం మేళానిది. భీముడు, ద్రౌపది, దుర్యోధనుడు ఒక్కొక్కరే, ఆ వేషాలు ఏళ్ళ సాధన ఉన్నవారివి. స్త్రీపాత్రలు కూడా సంప్రదాయంగా పురుషులవే. మధ్య వలయం ఉభయదారులది. ఏ రోజు ఖర్చు ఏ కుటుంబం, ఏ వీధి, ఏ కులం భరించాలో, అందుకు ప్రతిగా ఎవరికి ఏ మర్యాద దక్కాలో అక్కడ నిర్ణయమవుతుంది. పంతాలు, అలకలు ఎక్కువగా పుట్టేది ఈ వలయంలోనే. బయటి వలయం కంకణధారులది. మొక్కు ఉన్న మనిషి పసుపు కంకణం కట్టుకుని, నియమం పాటించి, నిప్పులు తొక్కితే చాలు. అతడికి పద్యం రానక్కరలేదు, గజ్జె కట్టనక్కరలేదు.

ఈ వాకిలి అందరికీ ఒకే విధంగా తెరుచుకుందని చెప్పడం చరిత్రకు అన్యాయం. పల్లెల్లో దళితవాడల ప్రవేశానికి హద్దులు గీసిన ఉత్సవాలు అనేకం. ఆ హద్దుల వద్ద ఘర్షణలూ జరిగాయి. జానపద సంప్రదాయాన్ని సమష్టి జీవనంగా కొనియాడే వ్యాసాలు తరచుగా ఈ పుటను మడిచివేస్తాయి. మనం ముఠా అని పిలిచే పరిణామానికి అతి కఠినమైన రూపం కులమేనన్న సంగతి మరువరాదు.

భారతోత్సవ క్షీణత కూడా అన్ని వలయాల్లో సమానంగా లేదు. సినిమా, టెలివిజన్, ఫోను వచ్చాక రాత్రి నాటకం ముందు కూర్చునేవారు పలుచబడ్డారు, తెల్లవార్లూ సాగే ఆట కుదించుకుపోయింది. దుర్యోధనవధ నాటి మైదానం మాత్రం నేటికీ కిక్కిరుస్తుంది, అగ్నిగుండం దగ్గర తోపులాట తగ్గలేదు. అంటే నైపుణ్యం వేరొకరిది, చూడటం మాత్రమే తనది అయినచోట జనం తగ్గారు. తానూ ఒక చిన్న భాగం వహించగల చోట తగ్గలేదు. ఉత్సవం బతికుందా లేదా అన్న ప్రశ్నకు ఏ వలయం దగ్గర నిలబడి సమాధానం చెబుతున్నామన్నది కీలకం.

4. జాతర: హక్కు వేషం, మొక్కు వేషం

నగరి నుంచి పుత్తూరు మీదుగా తిరుపతి చేరితే ఇదే నిర్మాణం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఏటా మే నెల ప్రాంతంలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు వంటి వేషాలు రోజుకొకటిగా వస్తాయి. స్త్రీలను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకొక మారువేషంలో తిరిగి, దొరవేషంలో వాణ్ణి సంహరించిందన్నది కథ. ఆ ప్రధాన వేషాలు కైకాల వంశస్థుల హక్కు. మరొకరు కట్టడానికి వీల్లేదు.

అదే వారంలో, అవే వీధుల్లో, మొక్కు ఉన్న ఏ మగవాడైనా, ఏ పిల్లవాడైనా చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని గంగమ్మ దగ్గరకు వెళ్ళవచ్చు. దీనికి వంశం, శిక్షణ, అనుమతి అక్కరలేదు. అక్క చీర, అమ్మ గాజులు చాలు. జాయ్స్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన గ్రంథం ఈ జాతరను స్త్రీత్వపు శక్తి లోకమంతటా పరుచుకునే సందర్భంగా వ్యాఖ్యానించింది. ఈ వ్యాసానికి కావలసింది అందులోని మరొక పార్శ్వం. వంశపు హక్కుగా వచ్చే వేషం, మొక్కుగా కట్టే వేషం ఒకే వీధిలో ఒకదానినొకటి చూసుకుంటాయి. హక్కు వేషం ఇంటి ముందుకు వచ్చినప్పుడు ఇల్లాలు హారతి పడుతుంది. మొక్కు వేషంలోని కుర్రవాణ్ణి చూసి పక్కింటివారు నవ్వుతారు, పలకరిస్తారు, ఫోటో తీస్తారు. చిన్నవేషం అనామకంగా పోదు.

ఇదే రాయలసీమలో పుట్టిన సురభి నాటకసమాజం దీనికి భిన్నమైన నమూనా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ సమాజంలో సభ్యత్వం ప్రధానంగా పుట్టుకతోనో, పెళ్ళితోనో వచ్చేది. అద్భుతమైన నైపుణ్యం తరతరాలుగా నిలిచింది. ప్రేక్షకుడు మాత్రం ఎప్పుడూ ప్రేక్షకుడే.

5. ఎసెక్స్ నుంచి లాంబ్డామూ దాకా

గణకయంత్రంలో పదిమంది కలిసి వేషం కట్టే ఆట 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి రాసి, రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన ఆ ఆట పేరు మడ్. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. గదిని వర్ణించే వాక్యం చదివి, ఆజ్ఞ టైపు చేస్తే కథ కదులుతుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1974లో, అమెరికాలో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడ. విశ్వవిద్యాలయపు యంత్రం ఖాళీగా ఉండే అర్ధరాత్రి తరువాతే బయటివారికి మడ్ అందుబాటులో ఉండేది. వీధినాటకంలాగే ఇదీ తెల్లవార్లూ ఆడే ఆటగానే పెరిగింది.

మడ్‌లో తగినన్ని పాయింట్లు సంపాదించినవాడు ‘విజర్డ్’ అయ్యేవాడు. అతడికి ఇతరులపై అసాధారణ అధికారాలు దక్కేవి. ఇది ముఠాయే, అయితే నిచ్చెన ఉన్న ముఠా. కొత్తవాడికి శిఖరం కనిపిస్తుంది, మెట్లూ కనిపిస్తాయి. బార్టిల్ 1996లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఆటగాళ్ళను సాధకులు, అన్వేషకులు, సాంగత్యప్రియులు, హంతకులు అని నాలుగు తెగలుగా విభజించి, ఒక తెగ పెరిగితే మరొకటి ఎలా తరిగేదీ వివరించాడు. ఒక మడ్ ఏయే స్థితుల్లో స్థిరంగా ఉండగలదో చెబుతూ అతడు నాలుగు స్థితులను పేర్కొన్నాడు. వాటిలో చివరిది, ఆటగాళ్ళు ఎవరూ లేని మడ్. హాస్యంలా కనిపించినా అందులో చరిత్రకారుడికి పనికివచ్చే సత్యం ఉంది. ఖాళీ కావడం ప్రమాదవశాత్తు జరిగేది కాదు, అదీ ఒక సమతౌల్యమే. ఎవరూ లేరు గనుక ఎవరూ రారు.

వాకిలి సమస్య అక్షరాలా కనిపించేది లాంబ్డామూలో. పావెల్ కర్టిస్ 1990లో జిరాక్స్ పరిశోధనాకేంద్రం నుంచి ప్రారంభించిన ఆ లోకం ఒక పెద్ద ఇల్లు. కొత్తగా వచ్చిన అతిథి కళ్ళు తెరిచేది కోట్లు వేలాడదీసే చీకటి అరలో. తలుపు తీసుకుని బయటికొస్తే హాలు. అక్కడ పాతవారు కబుర్లలో ఉంటారు. తొలి క్షణంలోనే కొత్తవాడికి తన స్థానం తెలిసిపోతుంది.

అక్కడి సాంకేతిక నిర్వాహకులు కూడా విజర్డులే. తగవులు తీర్చి విసిగిన కర్టిస్ 1992 డిసెంబరులో, ఇకపై సామాజిక విషయాల్లో విజర్డులు తలదూర్చరని ప్రకటించాడు. మరుసటి ఏడాది ఒక ఆటగాడు ఇతరుల పాత్రలపై జరిపిన లైంగిక హింసాచర్య సమాజాన్ని కుదిపివేసింది. అదే ఏడాది చివరలో జూలియన్ డిబెల్ రాసిన వ్యాసంతో అది బయటిలోకానికి తెలిసింది. దాని ఫలితంగా అర్జీలు, ఓటింగులతో కూడిన స్వపరిపాలన ఏర్పడింది. 1996 మే నాటికి విజర్డులు వెనక్కు తగ్గారు. సాంకేతిక నిర్ణయాన్నీ సామాజిక నిర్ణయాన్నీ విడదీయడం అసాధ్యమని ఒప్పుకుని పగ్గాలు తిరిగి చేపట్టారు. అధికారాన్ని వదులుకున్నామన్న మూడున్నరేళ్ళలోనూ సర్వర్ తాళంచెవి వారి దగ్గరే ఉంది. జో ఫ్రీమన్ 1970ల ఆరంభంలో అమెరికా స్త్రీవాద బృందాల గురించి చెప్పింది ఇదే. నాయకత్వం లేదని చెప్పుకునే గుంపులో నాయకులు ఉండకపోరు, ప్రశ్నించడానికి వీలులేని చోట ఉంటారు. ప్రజాస్వామిక సంస్థలు సైతం కొద్దిమంది పాలనలోకి జారుతాయన్న రాబర్ట్ మిషెల్స్ సిద్ధాంతం మరీ పాతది. అది అచ్చయిన 1911లోనే చిత్తూరు జిల్లా ఏర్పడింది.

6. నలభై మంది అవసరమైన ఆట

అక్షరాల లోకం తరువాత బొమ్మల లోకం వచ్చింది. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విడుదలయ్యాయి. ముఠాల చరిత్ర ఇక్కడ మనుషుల స్వభావం నుంచి అంకెల్లోకి మారుతుంది.

ఎవర్‌క్వెస్ట్‌లో పెద్ద డ్రాగన్‌ను చంపడానికి డజన్లకొద్దీ ఆటగాళ్ళు గంటలతరబడి కలిసి పోరాడాలి. చచ్చిన డ్రాగన్ దగ్గర దొరికే సొత్తు మాత్రం ఒకటో రెండో. ఎవరికివ్వాలి? 1999 ప్రాంతంలో ఒక గిల్డ్ కనిపెట్టిన పరిష్కారం డ్రాగన్ వధ పాయింట్లు. హాజరైన ప్రతిసారీ పాయింట్లు జమ అవుతాయి, వాటితో సొత్తు కొనుక్కోవచ్చు. కూలి లెక్కలాంటి ఈ పద్ధతి న్యాయమైనదే. అయితే రెండేళ్ళుగా ఆడుతున్నవాడి నిల్వను నిన్న చేరినవాడు ఎన్నటికీ అందుకోలేడు. న్యాయంగా మొదలైన లెక్క కాలం గడిచేకొద్దీ మిరాసీగా మారుతుంది. ఎవరూ కుట్ర చేయలేదు, ఖాతా పుస్తకమే ఆ పని చేసింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలినాళ్ళ మహాయుద్ధాలకు నలభై మంది కావాలి. అంతమంది కావలసిన చోట ప్రతి మనిషీ అవసరమే. అంత నైపుణ్యం లేని ముప్పై తొమ్మిదో వాడు కూడా జట్టులో ఇమిడిపోయేవాడు. భారతంలో బకాసురుడి బండి వెంట నడిచేవాడి స్థానం అతడిది. 2007 జనవరిలో వచ్చిన విస్తరణతో ఆ సంఖ్య ఇరవై ఐదుకు తగ్గింది. అంతకుముందు దాటవలసిన మొదటి కోటకు పదిమంది చాలు. నలభై మంది గిల్డ్ పదిమంది జట్లుగా చీలింది. ఉత్తములతో ఒకటి, మిగిలినవారితో రెండు, మూడు. స్నేహంగా ఉన్న గిల్డ్‌లో ఒక్కసారిగా మొదటి జట్టు, రెండో జట్టు అనే అంతరం పుట్టింది. గిల్డులు విడిపోవడానికి ఆటగాళ్ళు స్వార్థం, పక్షపాతం వంటి కారణాలు చెప్పుకున్నారు. నిజానికి రూపకర్తలు మార్చిన ఒక అంకె వారి మధ్య గీత గీసింది.

నికొలస్ దుషెనో బృందం 2006, 2007లలో ప్రకటించిన అధ్యయనాలు ఈ ఆటలోని మరో సంగతిని చూపాయి. వేలమంది మధ్య ఉంటూనే చాలామంది ఒంటరిగానే ఆడతారు. ఇతరులు వారికి సహచరులకన్నా ప్రేక్షకులుగా, పరిసరాల సందడిగా ఉపయోగపడతారు. గిల్డులు సులువుగా పుట్టి సులువుగా రాలిపోతాయి. ఈ పరిశీలన రాత్రినాటకం పందిట్లో నిద్రలోకి జారుకునే ప్రేక్షకుణ్ణి గుర్తుచేస్తుంది. అతడు నాటకం చూడకపోవచ్చు, అతడు లేకపోతే మాత్రం పందిరి ఖాళీగా కనిపిస్తుంది.

వాకిలి తెరవడానికి సంస్థ చేసిన ప్రయత్నం 2009 డిసెంబరులో వచ్చింది. మీట నొక్కితే వేర్వేరు సర్వర్లలోని అపరిచితులు ఐదుగురు నిమిషాల్లో జట్టుగా ఏర్పడే ఏర్పాటది. ఇక ఎవరినీ అడగనక్కరలేదు, ఏ ముఠా దయా అక్కరలేదు. ప్రవేశం ఇంత సులువైనా సమాజం బలపడలేదన్నది ఆటగాళ్ళ సాధారణ అభిప్రాయం. ఆ ఐదుగురూ అరగంటలో పని ముగించుకుని, తరచుగా ఒక్క మాటైనా అనుకోకుండా విడిపోయేవారు. మళ్ళీ కలిసే అవకాశం అరుదు. 2010 అక్టోబరులో చందాదారులు కోటీ ఇరవై లక్షలని ప్రకటించిన సంస్థ, 2015లో యాభై ఐదు లక్షలని చెప్పి, ఆపై సంఖ్యలు వెల్లడించడమే మానుకుంది. ఈ తగ్గుదలకు పోటీ ఆటలు, ఫోన్లు, వయసు, విసుగు వంటి కారణాలు అనేకం. దాన్ని ఒక్క మీట మీద మోపడం సరికాదు. ముఠా తొలగితే చాలు, జనం వస్తారన్న నమ్మకానికి మాత్రం ఈ అనుభవం ఆధారమివ్వదు. జాతరలో చీర కట్టిన కుర్రవాణ్ణి పేరుపెట్టి పిలిచే పక్కింటివారు ఈ ఏర్పాటులో లేరు.

7. దాచిపెట్టినవారు, బతికించినవారు

ముఠాలపై తీర్పును మరింత చిక్కుపరిచే ఉదంతం సిటీ ఆఫ్ హీరోస్. 2004 ఏప్రిల్‌లో మొదలైన ఈ ఆటలో ప్రతివారూ తమ వేషాన్ని తామే రూపొందించుకునేవారు. వేషరచనే దాని పెద్ద ఆకర్షణ. యాజమాన్య సంస్థ ఎన్‌సీసాఫ్ట్ 2012 నవంబరు 30న సర్వర్లను మూసివేసింది. మూసివేత వార్త తెలిసిన కొద్దిరోజులకే ఆటగాళ్ళు తమ పాత్రలతో ఆటలోని నగరకూడలికి చేరి కాగడాలు పట్టి నిలబడ్డారు. ఫలితం లేకపోయింది. అంతకుముందు 2004 ఫిబ్రవరిలో మూతపడిన ఉరు అనే ఆట విషయంలో, నిర్వాసితులైన ఆటగాళ్ళు తమ సమాజపు పేరునూ జ్ఞాపకాలనూ మోసుకుంటూ ఇతర ఆన్‌లైన్ లోకాలకు వలసపోయారు. సీలియా పియర్స్ 2009 నాటి గ్రంథంలో వారిని ప్రవాససమాజంగానే అధ్యయనం చేసింది.

సిటీ ఆఫ్ హీరోస్ అభిమానులు ఏడేళ్ళపాటు సంతకాలు సేకరించారు, విజ్ఞప్తులు పంపారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2019 ఏప్రిల్‌లో నివ్వెరపరిచే సంగతి బయటపడింది. ఆట ఆగిపోలేదు. కొద్దిమంది ఒక రహస్య సర్వర్ నిర్మించుకుని, ఆహ్వానం అందినవారిని మాత్రమే చేర్చుకుంటూ, ఎవరికీ చెప్పవద్దన్న షరతుతో ఏళ్ళతరబడి ఆడుకుంటూనే ఉన్నారు. మోసపోయామన్న ఆగ్రహం పెల్లుబికింది. ఇంతకుమించిన ముఠా ఉండదు. అయితే ఆ ఒత్తిడికి లొంగి వారు ప్రోగ్రామును బయటపెట్టిన రోజుల్లోనే బహిరంగ సర్వర్లు వెలిశాయి, చెదిరిన ఆటగాళ్ళు వేల సంఖ్యలో తిరిగివచ్చారు. ‘హోమ్‌కమింగ్’ అనే బృందానికి 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ అధికారికంగా అనుమతి పత్రమే ఇచ్చింది. అందరికీ తలుపు మూసినవారే అందరి సొత్తునూ కాపాడారు. ఆగ్రహం న్యాయమైనదే. ఆ రహస్యం లేకుంటే తిరిగిరావడానికి ఆటే మిగిలేది కాదన్నదీ నిజమే.

తిరుపతి పరిసరాల పాఠకులకు ఈ ద్వంద్వం కొత్త కాదు. వారసత్వం అన్న అర్థంలో అరబ్బీ నుంచి వచ్చిన ‘మిరాసీ’ ఈ ప్రాంత ఆలయచరిత్రలో శతాబ్దాల మాట. 1987 నాటి దేవాదాయ చట్టం (30/1987) వంశపారంపర్య హక్కులను, మిరాసీలను రద్దుచేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007 సవరణ అర్చక కుటుంబాలకు కొన్ని షరతులతో తిరిగి చోటిచ్చింది. ఇరవై ఏళ్ళలో రద్దు, సమర్థన, సడలింపు. హక్కును తీసివేయడం చట్టానికి సాధ్యమైంది, ఆ హక్కుతోపాటు ముడిపడి ఉన్న విద్యను మరొకరికి అప్పగించడం అంత సులువు కాలేదు. గంగమ్మ జాతరలో వేషం మాత్రం నేటికీ కైకాలవారిదే. దానిపై పెద్దగా అసూయ వినిపించకపోవడానికి కారణం ఊహించవచ్చు. వేషం కట్టాలనుకునే ప్రతి మగవాడికీ కట్టడానికి ఒక వేషం ఉంది.

8. పదకొండు నెలల నిశ్శబ్దం

ఆన్‌లైన్ క్రీడాసమాజాల క్షీణతను కొలిచే పద్ధతిలోనే ఒక లోపముంది. ఈ రాత్రి ఎంతమంది ఉన్నారు, నిన్నటికన్నా ఎందరు తగ్గారు అన్నదే కొలమానం. ఆట ఎప్పుడూ తెరిచే ఉంటుంది గనుక నెల రోజులు రానివాడు విడిచిపోయినవాడు. తిరిగివస్తే స్నేహితులు ముందుకు సాగిపోయి ఉంటారు, అతడి చోటులో మరొకరుంటారు, ఆ జట్టు అతడికి ముఠాలా కనిపిస్తుంది. ముఠాల వల్ల జనం తగ్గడం ఎంత నిజమో, జనం తగ్గినందువల్ల మిగిలినవారు ముఠాగా కనిపించడమూ అంతే నిజం. నలభై మందిలో ముప్పైమంది వెళ్ళిపోతే మిగిలిన పదిమంది ఏ పాపం చేయకపోయినా బయటివారికి ముఠాయే.

ఇదే కొలమానంతో చూస్తే ధర్మరాజు గుడిలోని భారతం ఏటా పదకొండు నెలలకు పైగా ‘చచ్చిపోయి’ ఉంటుంది. ఆ కాలంలో ద్రౌపది వేషధారి పొలంలోనో మగ్గం దగ్గరో ఉంటాడు. ఎవరూ దాన్ని క్షీణత అనరు. బెంగళూరుకో చెన్నైకో వెళ్ళిన కంకణధారి మూడేళ్ళ తరువాత వచ్చినా, నిప్పులు తొక్కేవారి వరుసలో అతడికి చోటుంటుంది. గతేడాది తొక్కినవాడికి ఇతడికన్నా ఎక్కువ పాయింట్లు జమకావు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపాన్ని, నలభై మంది యుద్ధాలతో సహా, 2019 ఆగస్టులో మళ్ళీ విడుదల చేసినప్పుడు సర్వర్ల ముందు గంటలతరబడి క్యూ కట్టవలసివచ్చింది. అందరూ ఒకేసారి మొదటి మెట్టు నుంచి బయలుదేరారు, ఎవరి దగ్గరా పాత నిల్వ లేదు. వచ్చినవారిలో ఎందరో ఏళ్ళక్రితం ‘ముఠాల వల్ల’ మానేసినవారే. కొన్ని నెలల్లో మళ్ళీ గిల్డులు కట్టారు, మళ్ళీ మొదటి జట్టు, రెండో జట్టు ఏర్పడ్డాయి, మళ్ళీ అలిగారు. దుర్యోధనవధ మరునాటికి మైదానంలో మిగిలేది కాళ్ళకింద నలిగిన మట్టికుప్ప. పై ఏడు దాన్ని మళ్ళీ తడిపి, తల దగ్గర నుంచి మొదలుపెట్టి, కొత్త దుర్యోధనుణ్ణి చేస్తారు.